సర్వరు మీద పెట్టిన నెపం

ఖాతాల విభాగం గ్రూపులోంచి ఆమె పేరు తీసేసి, అతను ఎప్పటిలాగే కీబోర్డు మీది ధూళి ఊదాడు.

ఆఫీసులో అందరి ఫోల్డర్లూ సర్వరులో ఉంటాయి. ఏ ఫోల్డరు ఎవరికి తెరుచుకోవాలో అతను చూస్తాడు. మనిషి చేరితే ఆ విభాగం గ్రూపులో పేరు చేరుస్తాడు, వెళ్లిపోతే తీసేస్తాడు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని. అందరూ ‘తాళాలాయన’ అంటారు. “నాన్నా, కోపమొస్తే అందరి ఫైళ్లూ మూసేస్తావా?” అని కూతురు ఓసారి అడిగింది. “నాకు కోపం రాదమ్మా” అన్నాడు. నిజమే. అతనికి వచ్చేది భయం.

మనుషుల్ని తగ్గిస్తున్నామని మేనేజరు నిన్న అతన్ని గదిలోకి పిలిచి చెప్పాడు. ఖాతాల ఆమెను ఇవాళ సాయంత్రం పిలుస్తారు. ఆమె గదిలో అడుగుపెట్టగానే ఫోన్ వస్తుంది, అప్పుడు పేరు తీసి, ఆమె కంప్యూటరు తన గదిలోంచే ఆపేయాలి. అప్పటిదాకా ఎవరితోనూ అనకూడదు. వెనకెప్పుడో ఒకతను కబురు విని, సీటుకొచ్చి ఫైళ్లన్నీ తుడిచేశాడు. పద్ధతి అప్పటినుంచీ ఉంది.

ఈ పనిలో అతను మొట్టమొదట చేర్చిన పేరు ఆమెది.

రోజంతా ఆ ఫోన్ కోసం కాచుకుని కూర్చోవడం అతని వల్ల కాలేదు. పొద్దున్నే కానిచ్చేశాడు. పేరు తీసేసినా, ఆ మనిషి మిషన్ ఆపి మళ్లీ తెరిచేదాకా ఫోల్డర్లు తెరుచుకుంటూనే ఉంటాయి. ఆమె అప్పటికే పనిలో కూర్చుంది. సాయంత్రం దాకా తెలియదనుకున్నాడు.

భోజనానికి లేచేముందు మిషన్ ఆపడం ఆమె అలవాటు. ఇన్నేళ్లూ ఒకే బల్ల దగ్గర భోంచేశారు గానీ, ఆ సంగతి అతనికి తెలియదు. ఇవాళ అతను భోజనానికి వెళ్లలేదు.

మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. “తమ్ముడూ, నా ఫోల్డరు నన్నెవరో తెలీదంటోంది. నా మీద అలిగావా ఏంటి?”

వెళ్లాడు. తెర మీద, అనుమతి లేదన్న పెట్టె.

“సర్వరు తేడా చేసిందక్కా. ఓసారి ఆపి తెరవండి.”

ఆపి తెరిచింది. అదే పెట్టె. ఏదో ఒకటి అనాలి కాబట్టి, “కింద వైరు వదులైందేమో” అన్నాడు. అతను వంగేలోపే ఆమె కుర్చీ వెనక్కి నెట్టి బల్ల కిందికి దూరింది. అరిగిన చెప్పుల మడమలు బయటికి కనిపించాయి.

“తాళాలాయనకే తాళం పడిందే!” అన్నాడు పక్క సీటతను.

“ఊరుకోవయ్యా,” బల్ల కిందనుంచి ఆమె గొంతు. “పాపం, భోజనానికి కూడా రాలేదు తమ్ముడు. నా నడుం పట్టేస్తే మాత్రం పూచీ నీదే, తమ్ముడూ.”

లేచింది. మోకాళ్లకు దుమ్ము. తెర మీద అదే పెట్టె. పక్క సీటతను టీకి లేచి వెళ్లాడు.

“నొక్కకూడనిదేమైనా నొక్కానా? నా తప్పుంటే చెప్పు.”

దగ్గర్లో వినేవాళ్లెవరూ లేరు.

“లేదక్కా. సర్వరే. సాయంత్రానికి చూస్తాను.”

తన గదికెళ్లి తలుపు వేసుకున్నాడు. సర్వరు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దానికి ఏ జబ్బూ లేదు. సాయంత్రం ఫోన్ మోగింది.

“తీసేశావా?”

“తీసేశానండీ.”

కాసేపటికి ఆమె సెక్యూరిటీ మనిషితో బయటికి వచ్చింది. భుజాన సంచి, చేతిలో భోజనం డబ్బా. అతని గుమ్మం దగ్గర ఆగింది. అతను లేచి నిలబడ్డాడు.

“మిగతావాళ్లందరికీ తెరుచుకుంటున్నాయట,” అంది.

అతను నేలకేసి చూశాడు.

“చెప్పొద్దన్నారేమో, చెప్పలేదు. అది పోనీ. ఆ బల్ల కిందికి మాత్రం దూరనివ్వకుండా ఉండాల్సింది తమ్ముడూ.”

లిఫ్టు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

వెళ్లినవాళ్ల మిషన్ విప్పి గదిలో పెట్టడం కూడా అతని పనే. అందరూ వెళ్లాక ఆమె సీటు దగ్గరికి వచ్చాడు. వైరు లాగడానికి బల్ల కిందికి వంగబోయి ఆగాడు. ఆరిపోయిన తెర మీద ఒక చీటీ అంటించి ఉంది, ఆమె చేతిరాతలో: ‘సర్వరు బాగాలేదు. తమ్ముడు చూస్తున్నాడు. ఎవరూ అతన్ని తొందరపెట్టకండి.’