పడవవాడి ఒకే మాట

కథ మొదలైన చాలాసేపటికి గానీ ఆ ఆట పేరు తెర మీద పడలేదు. అప్పటికే ఒక పట్టణం తగలబడింది, ఒక రాజకుమారి తప్పిపోయింది, నేను నడిపిస్తున్న యువకుడు తన గతాన్ని మరచిపోయాడు. ఇంత జరిగాక సంగీతం పెద్దదై, పర్వతాల మీద అక్షరాలు లేచాయి. ఆంగ్లంలో ఉన్న ఆ పేరును నా కోసం 'మంచు గంటల దేశం' అని తెలుగు చేసుకున్నాను. ముఖపత్రాన్ని పుస్తకం నడుమ కుట్టినట్టు తోచింది. అప్పటిదాకా చూసినది పీఠికా, ప్రథమాశ్వాసమా అని వెనక్కి తిరిగి హారతిని అడిగాను.

"సుమ్నే, ఊరికే ఆడు మామా. అన్నిటికీ అర్థం అడగొద్దు," అంది.

హారతి నా చెల్లెలు రామసుబ్బమ్మ కూతురు. బెంగళూరులో ఇంజినీరింగు చదువుతున్నది. ఆమె తండ్రి హంపన్న తారానగర్ గనుల వైపు సొంత లారీలు నడిపించేవాడు. మూడు నెలల కిందట గుండె ఆగి పోయాడు. కర్మకాండలు ముగిసినా పిల్ల కాలేజీకి తిరిగి వెళ్లలేదు. మోక అనే ఊళ్లోని తమ ఇంట్లో గది తలుపు వేసుకుని, అప్పుడే విడుదలైన ఈ జపాను ఆటను తెప్పించుకుని, దానితోనే కాలం గడిపింది. చివరికి రామసుబ్బమ్మ కూతురినీ, ఆటపెట్టెనూ కారులో తెచ్చి సత్యనారాయణపేటలోని నా ఇంట్లో దింపింది. వచ్చే సోమవారం హాజరు కాకపోతే పరీక్షకు కూర్చోనివ్వమని కాలేజీవాళ్లు తేల్చి చెప్పారట. అంటే ఏడాది చదువు పోయినట్టే.

"మీ బావ పోయినాడని ఏడిస్తే నాకు అర్థమైతాదన్నా," అంది చెల్లెలు, వాకిట్లో నిలబడే. "ఏడవదు. మాట్లాడదు. కాలేజీకి పోనంటాది. ఎందుకే అంటే గోడకల్లా చూస్తాది. నీ ఇంట్లో ఎట్లాగూ మాట్లాడేటోళ్లు ఎవురూ లేరు. ఆ మనసులో ఏముండాదో నువ్వన్నా కనుక్కో."

విశ్వవిద్యాలయంలో నేను అలంకారశాస్త్రం చదివాను, కొంతకాలం చెప్పాను కూడా. కవి మనసులో ఏముందో ఊహించి వంద పుటలు రాయగలను. ఎదుట కూర్చున్న మనిషిని నీ మనసులో ఏముందని అడగడం మాత్రం ఎక్కడా నేర్పలేదు. అందుచేత ఆ ఆట ఏమి కథ అని అడిగాను. హారతి నన్ను కాసేపు చూసి, చేతిలోని కంట్రోలరు నా చేతిలో పెట్టింది.

"చెప్తే అర్థం కాదు మామా. ఆడి చూడు."

మా ఇంటికి వచ్చాక ఆమె పలికిన మొదటి పూర్తి వాక్యం అదే. నేను ఆడుతూ ఉంటే ఆమె మాట్లాడుతుందన్న ఒక్క ఆధారం దొరికింది. ఆ ఆధారాన్ని పట్టుకునే ఆడడం మొదలుపెట్టాను.

అందులో నాకు అర్థమైనవాటి కన్న కానివే ఎక్కువ. పర్వతశిఖరాన వేలాడే మంచు గంట చివరిసారి మోగితే లోకం అంతమవుతుంది. ఆ గంటను ఆపవలసినవాణ్ణి నేను. ఈ సంగతిని వణుకుతున్న గొంతుతో నాకు చెప్పిన వృద్ధుడే, మరుక్షణం, తన బాతు కనబడడం లేదు, కాస్త వెతికిపెట్టమన్నాడు. లోకం ముఖ్యమా, బాతు ముఖ్యమా అని నేను సందేహించాను. బాతునే వెతికాను. దొరికింది. వృద్ధుడు సంతోషించి నాకొక టోపీ ఇచ్చాడు. లోకం తన అంతాన్ని అంతసేపూ వాయిదా వేసుకుని, మేము తిరిగి వచ్చేదాకా ఓపికగా ఉంది.

నా వెంట ఇద్దరు నడిచేవారు. ఒకతె పెద్ద గరిటె మోసే వంటలక్క. మరొకరు పూర్వజన్మలో పన్నుల అధికారిగా పనిచేసిన కొంగ. వంటలక్క మాట్లాడినప్పుడల్లా ఎందుకో ఆకాశంలోకి చూసేది. కొంగ మాటలు మాత్రం నాకు బాగా తెలిసేవి, ఎందుకంటే పన్నుల విషయంలో దానికి స్థిరమైన అభిప్రాయాలున్నాయి.

యుద్ధాలు మాత్రం నా మనసుకు నచ్చాయి. తోడేలు ఎదురుపడితే అది వెంటనే మీద పడదు. మనం ఏమి చేయాలో ఆలోచించుకునేదాకా నిలబడి ఊగుతూ ఉంటుంది. మన దెబ్బ అయ్యాకనే దాని దెబ్బ. పూర్వపక్షం పూర్తయ్యేదాకా సిద్ధాంతి నోరు మెదపని పాతకాలపు వాదసభ గుర్తుకు వచ్చింది. కానీ ఓడిపోయిన తోడేలు మాయమై, అది పడ్డచోట ఉల్లిగడ్డలు మిగిలాయి. తోడేలుకు ఉల్లిగడ్డలు ఎందుకని అడిగాను.

"వండుకుంటాదేమో," అంది హారతి. ఆ మాట వెనక నవ్వు వంటిది ఒకటి వినిపించింది.

ఆ రోజు నుంచి ఆమె నా వెనక కుర్చీలో కూర్చుని చూడసాగింది. ఫోనులో ఏదో చదువుకుంటూ, మధ్యమధ్య తల ఎత్తి, "మామా, గోడకు గుద్దుకుంటాండావు," అనో, "అది మంత్రం కాదు, రొట్టె," అనో చెప్పేది. నేను సందు చూసి కాలేజీ మాట ఎత్తబోయేవాణ్ణి. ఎత్తేలోగా తోడేళ్లు వచ్చేవి. వచ్చినందుకు నాకు ఊరటగానే ఉండేది.

మధ్యాహ్నం వంటకు వచ్చే భీమక్కకు ఈ వ్యవహారం ఏమీ నచ్చలేదు. "ఏమప్పా, పిల్లకు బుద్ధి చెప్తావని తెచ్చి ఇడిస్తే నువ్వే బొమ్మలాటలో పడితివి," అంది. "ఆ యమ్మ కాలేజీకి పోదు, నువ్వు స్నానానికి పోవు. మీ ఇద్దరికీ రొట్టెలు చేసేదానికి నేనొకదాన్ని."

శుక్రవారం నాటికి మేము ఉప్పురేవు అనే ఊరు చేరాము. బూడిదరంగు నది, ఒడ్డున తెల్లని కుప్పలు, పది ఇండ్లు. ఊరి చివరి ఇంట్లో ఒక వృద్ధురాలు ఉన్నది. ఉప్పు పండించే ఆమె భర్త నదిలో పడి చనిపోయాడు. నేను లోపలికి వెళ్లి ఆమె ఎదుట నిలబడ్డాను. రోజూ సాయంకాలం అతడు తడిబట్టను ఏ రాతి మీద ఆరవేసేవాడో ఆమె చెప్పింది. ఆ రాయి ఇప్పుడు ఊరికే ఎండుతూ ఉంటుందని చెప్పి ఊరుకుంది. నేను ఇంకా కాసేపు అక్కడే నిలబడి, బయటికి వచ్చాను.

రేవులో పడవవాడు ఉన్నాడు. దాటించమని అడిగాను. "నది ఇంకా సిద్ధంగా లేదు," అన్నాడు. మళ్లీ అడిగాను. "నది ఇంకా సిద్ధంగా లేదు," అన్నాడు.

నదిని సిద్ధం చేయడానికి నేను చేయని ప్రయత్నం లేదు. ఊరిలో ప్రతి మనిషినీ పలకరించాను. వర్షం కోసం కాచుకున్నాను, అది వెలిసేదాకా కాచుకున్నాను. ఉప్పు కొన్నాను. పడవవాడికి ఉల్లిగడ్డలు ఇవ్వడానికి దారి ఉందేమోనని వెతికాను, లేదు. అడవికి పోయి తోడేళ్లతో వాదించి వచ్చాను. కొంగను ముందు నడిపించి చూశాను. పడవవాడిది ఒకే మాట.

శనివారం గడిచేసరికి నేనొక సిద్ధాంతానికి వచ్చాను. ఈ ఆట పరమార్థమే దాటకపోవడం. పడవవాడి మాట పల్లవి, మనం వేసే ప్రదక్షిణలు చరణాలు. గమ్యం చూపి, గమ్యాన్ని నిరాకరించి, ఆ నిరాకరణలోనే రసాన్ని నిలిపారు. హారతికి ఇదంతా వివరించాను. జపానువాళ్లు ఎంత సాహసం చేశారో చూడమన్నాను.

"ఆట ఇంకా శానా ఉండాది మామా," అంది ఆమె, ఫోనులోంచి తల ఎత్తకుండా.

ఆదివారం ఉదయం చెల్లెలు ఫోను చేసింది. "అడిగినావా అన్నా? రేపే సోమారము."

"ఇంకా రేవు దాటలేదమ్మా," అన్నాను.

"ఏం రేవు?"

ఆటలోని ఉప్పురేవని చెప్పాను. "పిల్ల పిచ్చిదయితే నీ దగ్గరికి పంపిస్తి. ఇప్పుడు నిన్ను యాడికి పంపించల్ల?" అని ఫోను పెట్టేసింది.

హారతి ఈ సంభాషణ విన్నది. నా పక్కకు వచ్చి నేల మీద కూర్చుని, తెరను మొదటిసారి శ్రద్ధగా పరిశీలించింది.

"నువ్వు ఇంకా ఈడనే ఉండావా? ఆ ముసలామె ఇంటికి పోలేదా?"

"పోయినా."

"పోయి?"

"ఆమె చెప్పింది విన్నా. కాసేపు ఉండి, వచ్చేసినా."

"అట్ల వచ్చేస్తే ఎట్ల మామా. ఇంకోసారి పలకరించి, పోయొస్తానని చెప్పల్ల. అప్పుడు ఆమె మొగుని తాడు ఇస్తాది. ఆ తాడు చూస్తేనే పడవోడు ఎక్కించుకుంటాడు. చెప్పకుండా ఎవురన్నా వస్తారా?"

నాకు ఆమె ప్రశ్నే అర్థం కాలేదు. "సావింటికి పోయినోళ్లు పోయొస్తామని చెప్పి వస్తారా ఏంది?"

"చెప్తే ఏమైతాది?"

"పోయొస్తానంటే మళ్లా వస్తానని కదమ్మా. అట్లాంటి పనికి ఆ ఇంటికి మళ్లా రాకూడదని, ఎవురికీ చెప్పకుండా లేసి వచ్చేస్తారు. నీళ్లు గూడా ముట్టరు. ఇది కొత్తగా చెప్పేదేముంది, అందరికీ తెలిసిందే."

"నాకు తెలీదు," అంది హారతి.

ఆరేళ్ల వయసులో బెంగళూరు బడిలో చేర్చారు ఆమెను. సెలవులకు వచ్చేది, పెండ్లిళ్లకు వచ్చేది. చావు ఇంటికి ఎవరు పిల్లలను తీసుకువెళతారు? ఆమె చూసిన మొదటి చావు తండ్రిదే. ఈ మాటలన్నీ నా మనసులో వరుసకు రావడానికి సమయం పట్టింది. అంతలో ఆమె మాట్లాడసాగింది. తెరకేసి చూస్తూనే మాట్లాడింది.

"నాయన పోయిన దినము నేను వాకిలి దగ్గర కూచోనుంటి. వచ్చినోళ్లు వచ్చినట్లే తల కిందికేసుకొని కూచున్నారు. నీళ్లు ఇయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టినారు. మనోళ్లు ఒక్కరన్నా నా మొగం చూసి పోతామ్మా అనలేదు. సుమ్నే లేసి పోతాండారు. నువ్వు గూడా అట్లే పోయినావు మామా. మా ఇంట్లో నీళ్లు గూడా తాగనంత కోపమేందో నాకు అర్థం కాలేదు. నాయన ఎవురికో ఏదో చేసుంటాడు, అందరికీ తెలుసు, నాకే తెలీదు అనుకున్యా. లారీలు, గనులు, దొంగ ఖనిజము అని ఏమేమో చెప్తారు కదా బయట. కాలేజీలో తారానగర్ పక్క సందూరు పిల్లోళ్లు ఇద్దరుండారు. వాళ్లకు గూడా తెలిసుంటాది. వాళ్ల మొగం ఎట్ల చూసేది?"

ఆమె అమ్మను ఎందుకు అడగలేదని అడగబోయి ఆగాను. భర్త పోయిన మనిషిని ఆ మాట ఎలా అడుగుతుంది?

"అది కోపం కాదమ్మా. అది మర్యాద," అన్నాను.

"మర్యాదనా అది?"

"అవును."

"అయితే నాయన ఏ తప్పూ చేయలేదా?"

ఇక్కడ నేను తడబడ్డాను. ఆచారానికి అర్థం చెప్పగలను. హంపన్న గురించి నాకేమి తెలుసు? పండుగలకు కలిసేవాళ్లం. అతడు టైర్ల గురించి చెప్పేవాడు, నేను తల ఊపేవాణ్ణి.

"నాకు తెలిసినంతలో లేదు," అన్నాను.

ఆ మాట నిజం. నిజమే అయినా, అది విన్న ఆమె ముఖం మళ్లీ మూసుకుపోవడం కళ్లారా చూశాను. 'తెలిసినంతలో' అన్న ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకోవాలో వద్దో తేలక, తెలిసిన మనిషికి ఫోను చేయడమే మేలనుకున్నాను. చెల్లెలికి చేసి, హారతి వినేటట్టు స్పీకరు పెట్టి, సంగతి నాకు చేతనైన క్రమంలో చెప్పాను.

"ఏం పిల్లవే నువ్వు," అంది రామసుబ్బమ్మ. "ఇన్ని దినాలు ఇది కడుపులో పెట్టుకొని కూచున్నావా? మీ నాయన దేవుడేం కాదు. కోపమొస్తే డ్రైవర్లను నోటికొచ్చినట్ల తిడ్తాండె. ఒకరి నోట్లో మన్ను మాత్రం కొట్టలేదు. ఆ దినము తారానగర్ లో ఒక్క బండి కదల్లేదు. ఆ బండ్లోళ్లంతా మన వాకిట్లోనే ఉండారు. తప్పు చేసినోని వాకిట్లోకి అంత మంది వస్తారా?"

"మనోళ్లు ఒక్కరు గూడా మాట్లాడలేదు మా."

"మాట్లాడకూడదే. పోయొస్తామని ఎవురూ చెప్పరు, చెప్పనీరు. ఆ బీహారు డ్రైవరు ఒకడు, పాపం, వానికి తెలీక నీ దగ్గరికొచ్చి పోయొస్తా బేటీ అన్నాడంట. మన పాత డ్రైవరు నింగప్ప వాన్ని గేటు దగ్గర నిలబెట్టి పట్టుకొని తిట్టినాడు, ఏం మాటరా అది అని. వాడు బిత్తరపోయి కండ్లల్లో నీళ్లు పెట్టుకున్యాడు."

హారతి ఫోను నా చేతిలోంచి తీసుకుంది.

"ఆయన ఒక్కడే నాతో మాట్లాడినాడు మా," అంది. "ఆ దినమంతా ఆయన ఒక్కడే."

అంతవరకు పొడిగా ఉన్న ఆమె గొంతు అక్కడ పగిలింది. తల్లీకూతుళ్లు ఇద్దరూ ఏడుస్తున్నారు. నేను కంట్రోలరును ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉన్నాను. చాలాసేపటికి రామసుబ్బమ్మ అడిగింది:

"కాలేజీకి?"

"రాత్రి రైలుకు పోతా. బట్టలు ఈడనే ఉండాయి." అని చెప్పి, "ఆయన ఇప్పుడు యాడుంటాడు?" అని అడిగింది.

"ఎవురు, ఆ డ్రైవరా? తారానగర్ లోనే, మన షెడ్డులో. ఎందుకే?"

"చూసి పోవల్ల."

ఫోను పెట్టేసి ఆమె లేచింది. మొహం కడుక్కుని వచ్చి, నేను ఇంకా నేల మీదనే కూర్చుని ఉండడం చూసింది.

"లే మామా. చొక్కా ఏసుకో. సందూరు బస్సుకు పోదాం."

"నేనెందుకమ్మా?"

"ఒక్కదాన్నే పోతే బాగుండదు."

నేను బస్సు ఎక్కి చాలాకాలమైంది. ఇస్త్రీ చొక్కా ఎక్కడుందో భీమక్కకే తెలుసు, ఆదివారం ఆమె రాదు. దొరికిన దాన్ని తొడుక్కుంటూ, అక్కడికి పోయి ఆ మనిషితో ఏమని చెప్పాలని హారతి ఉద్దేశమో అడిగాను. కృతజ్ఞత చెప్పడానికా? నింగప్ప తిట్టినందుకు క్షమాపణ కోరడానికా? తండ్రి గురించి వినడానికా? ఈ మూడింటికీ మూడు రకాల మాటలు కావాలి, నాకు హిందీ కూడా సరిగా రాదు.

"నాకూ తెలీదు మామా," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ. "పోయినాక చూద్దాం."