అరువు తగాదా

చెప్పుకోవడానికి లుత్ఫీకి ఒక్క కష్టమూ లేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

అతను కౌన్సెలింగ్ సైకాలజీలో డాక్టరేట్ చేస్తున్నాడు. పదకొండేళ్లుగా చేస్తూనే ఉన్నాడు. పట్టా ఇంకా చేతికి రాలేదు గానీ, అలెగ్జాండ్రియాలో బహరీ పేట మొత్తం, రొట్టెలవాడి దగ్గర్నుంచి చేపలవాడి దాకా, "డాక్టరుగారూ" అని పిలవడం పదకొండేళ్ల కిందటే మొదలుపెట్టేసింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఎవరి చొక్కానో వేసుకుని తిరుగుతున్నట్టు సిగ్గుపడి తలొంచుకుని పోయేవాడు పాపం. థీసిస్ రాశాడు. ఆసుపత్రిలో శిక్షణ పూర్తి చేశాడు. వందలమంది గోడు విన్నాడు. ఇక మిగిలింది ఒకే ఒక్కటి. ఇతరుల గోడు వినేవాడు ముందు తన గోడు ఒకరికి చెప్పుకుని రావాలట! ఒక పెద్ద కౌన్సెలర్ ఎదుట నలభై గంటలు కూర్చుని, సొంత బాధ చెప్పుకుని, కాగితం మీద సంతకం పెట్టించుకు రావాలి. జూన్ ఆఖరులోగా ఆ కాగితం ఇవ్వకపోతే పేరు కొట్టేస్తామని విశ్వవిద్యాలయం వాళ్లు ఉత్తరం పంపారు. అదే జరిగితే పదకొండేళ్లూ నీళ్లపాలే.

పోనీ చెప్పుకుందామా అంటే ఏముంది? పెళ్లి కాలేదు, కాబట్టి పెళ్లాంతో పేచీ లేదు. ఒళ్లు గుండ్రాయిలా ఉంది. నాలుగేళ్ల కిందట, తనను పెంచిన అక్క విదాద్ పోయింది. అది అందరిళ్లల్లోనూ జరిగేదే కదా అని దాన్ని అతను లెక్కలోకే తీసుకోలేదు. బాగా ఆలోచించి, ఒక కష్టాన్ని అరువు తెచ్చుకుందామని నిశ్చయించుకున్నాడు.

అందుకు దూరం పోనక్కర్లేకపోయింది. అతను ఉండే భవనంలోనే, మేడ మీద, ఆ పేటలోకెల్లా పేరున్న తగాదా ఒకటి నడుస్తోంది.

హాజీ దసూకీ రిటైరైన ట్రాం డ్రైవరు. మేడ మీద పావురాలు పెంచుతాడు. వాటిలో వజీరు అనేది ఆయనకు ప్రాణం. ఒక శుక్రవారం చుట్టాలొచ్చారని ఆయన భార్య ఇన్సాఫ్ చేతికందిన పావురాలను పట్టి, కోసి, కడుపులో కూరి, వేయించి పెట్టింది. హాజీ రెండు తిని, బ్రహ్మాండంగా ఉన్నాయని మెచ్చుకుని, చెయ్యి కడుక్కోవడానికి వెళ్తే తొట్టి పక్కన వజీరు కాలి రాగి కడియం కనిపించింది. అంతే. ఆ రోజు నుంచి పందొమ్మిది నెలలుగా మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు. ఆయన మకాం మేడ మీదికి మార్చేశాడు. ఆమె మూడో అంతస్తు కిటికీలోంచి బుట్టలో అన్నం పెడుతుంది, ఆయన పైనుంచి తాడు లాగుతాడు. మధ్యలో నాలుగో అంతస్తు లుత్ఫీది. రోజుకు రెండుసార్లు ఆ బుట్ట ఘుమఘుమలాడుతూ అతని కిటికీ ముందు నుంచే పైకి పోతుంది.

సెప్టెంబరు ఆఖర్లో ఒక సాయంత్రం లుత్ఫీ మేడ ఎక్కాడు.

"బాబాయ్, నీ తగాదా నాకు కొన్నాళ్లు ఇస్తావా?"

సంగతంతా విని హాజీ దసూకీ ఛాతీ పొంగించాడు. "ఇవ్వకేం? తీసుకో డాక్టరూ. ఇంత గట్టి తగాదా ఊళ్లో ఇంకెక్కడా దొరకదు నీకు. కానీ పాడుచెయ్యకుండా తిరిగిచ్చెయ్యాలి."

"పాడెందుకవుతుంది?"

"నువ్వసలే మెతకమనిషివి. ఆవిణ్ణి క్షమించినట్టు ఒక్క మాట అన్నావో, కాళ్లు విరగ్గొడతా!"

కౌన్సెలర్ పేరు డాక్టర్ ఒడెట్. డెబ్బై దాటిన మనిషి. క్యాంప్ సీజర్ ట్రాం స్టాపు ఎదురుగా రెండు గదుల్లో ఉంటుంది. సోమవారం నాలుగింటికి లుత్ఫీ ఆమె ఎదుట కూర్చుని, సోంపు టీ ఒక గుక్క తాగి, గొంతు సవరించుకున్నాడు.

"డాక్టర్, నా భార్య నా పావురాన్ని వండేసింది."

ఆమె నవ్వలేదు. పుస్తకం తెరిచి రాసుకుంది. "నువ్వూ తిన్నావా?"

"రెండు."

"రుచి ఎలా ఉంది?"

అది హాజీని అడగడం మర్చిపోయాడు. కానీ నోరు దానంతటదే చెప్పేసింది. "కాల్చిన పచ్చి గోధుమలు కూరి... కార్జం సన్నగా తరిగేసి... దాల్చినచెక్క కాస్త ఎక్కువ పడేది." గ్లాసెత్తి మిగతా టీ ఒక్క గుక్కలో తాగేశాడు. డాక్టర్ ఒడెట్ కళ్లద్దాల మీది నుంచి ఒకసారి చూసి, రాసినదాని కింద గీత గీసింది.

అప్పట్నుంచి లుత్ఫీ బతుకు ఉరుకులు పరుగులే అయింది. ప్రతి సోమవారమూ ఆమె ఒక ప్రశ్న వేసేది, అతనికి జవాబు తెలిసేది కాదు. వచ్చే వారం చెప్తానని ట్రాం పట్టుకుని, ఇంటికొచ్చి, ఐదంతస్తులూ రొప్పుతూ ఎక్కేవాడు.

"బాబాయ్, నీకు అసలు కోపం ఎవరి మీద?"

"ఇదేం ప్రశ్న? ఆవిడ మీద!"

"అది కాదట. ఇంకాస్త ఆలోచించమంది."

హాజీ దసూకీ మూడు రోజులు ఆలోచించాడు. నాలుగో రోజు లుత్ఫీని కేకేసి, గొంతు తగ్గించి చెప్పాడు. "నా మీదేరా. రెండు తిన్నా. తిని ఊరుకున్నానా? బ్రహ్మాండంగా ఉన్నాయన్నా!" ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. లుత్ఫీ ఆ జవాబు పట్టుకెళ్లి అప్పగించాడు, ఇంకో ప్రశ్న తెచ్చాడు. ప్రశ్నలు మోసినకొద్దీ ఇతను చిక్కిపోతున్నాడు, ఆయన తేటపడుతున్నాడు.

ముప్పై ఒకటో గంట ముగించుకుని మేడ ఎక్కేసరికి గుండె ఆగినంత పనైంది. ఇన్సాఫ్ అక్కడ పీట వేసుకుని పప్పులో రాళ్లు ఏరుతోంది. హాజీ పక్కనే కూర్చుని పకపకా నవ్వుతున్నాడు. అన్నం బుట్టలో ఒక ఆడపావురం గుడ్లు పెట్టింది.

"పిన్నీ! ఇదేం అన్యాయం? నాకింకా తొమ్మిది గంటలుంది!"

"ఏం తొమ్మిది గంటలురా అబ్బాయ్?"

"మీరు రాజీపడితే నేనేం చెప్పుకోవాలి? మీ కాళ్లు పట్టుకుంటా, జూన్ ఆఖరు దాకా పోట్లాడుకోండి!"

"రెండేళ్ల పైనే నోరు కట్టుకుని కూర్చున్నా. నీ చదువు కోసం ఇంకా కూర్చోవాలా?" అంది గానీ, ఇన్సాఫ్ మనసు వెన్న. కుర్రాడి కోసం పోనీ అని ఇద్దరూ ప్రయత్నించారు. హాజీ లేచి నిలబడి, "నీ వంట తగలెయ్య!" అని గట్టిగా అరిచాడు. ఆమెకు నవ్వొచ్చేసింది. ఆయనకూ వచ్చేసింది. తగాదా పూర్తిగా పాడైపోయింది.

లుత్ఫీ ఐదు గంటలు సొంతంగా అబద్ధాలాడి నెట్టుకొచ్చాడు. ముప్పై ఆరో గంట చివర డాక్టర్ ఒడెట్ పుస్తకం మూసేసింది.

"వచ్చే సోమవారం మీ ఆవిడను తీసుకురా. చూడందే సంతకం పెట్టను."

మేడ మీద పెద్ద చర్చే జరిగింది.

"తగాదా ఇచ్చాను, చాలదూ? ఇప్పుడు పెళ్లాన్ని కూడా ఇవ్వాలా?" హాజీ కయ్యిమన్నాడు.

"నీ అరుపులాపు," అంది ఇన్సాఫ్. "క్యాంప్ సీజర్ చూసి నాకెన్నాళ్లయింది! వెళ్లొస్తా."

"అయితే నేనూ వస్తా. పెళ్లికూతురి తండ్రిగా వస్తా."

అలా ముప్పై తొమ్మిదేళ్ల మొగుడు, అరవై మూడేళ్ల పెళ్లాం, అరవై ఏడేళ్ల మామగారు ట్రాం దిగి, ఆ గదిలో వరసగా కూర్చున్నారు. డాక్టర్ ఒడెట్ ముగ్గురికీ టీ పోసింది.

"మీ నాన్నగారా అమ్మా?"

"అవునమ్మా."

"మీకంటే నాలుగైదేళ్లే పెద్దలా ఉన్నారే?"

"మా వంశంలో పెళ్లిళ్లు తొందర లెండి," అన్నాడు హాజీ, ఏమాత్రం తొణక్కుండా.

ఆమె పుస్తకం మొదటి పేజీకి తిప్పింది. "ఆ రోజు మీరు వండిన పావురం గురించి మీ ఆయన చెప్పింది చదువుతాను, సరిగ్గా ఉందో లేదో చూడండి. కాల్చిన పచ్చి గోధుమలు కూరి, కార్జం తరిగేసి, దాల్చినచెక్క కాస్త ఎక్కువ..."

"దాల్చినచెక్కా!" ఇన్సాఫ్ కుర్చీలోంచి లేచిపోయింది. "నా పావురంలోనా? ఎవరన్నారా మాట? నేను బియ్యం కూరతాను, నలభై ఏళ్లుగా బియ్యమే! గోధుమలు, దాల్చినచెక్కా వేసేది వీళ్లక్క విదాద్!"

"అయిపోయింది," అని గొణిగాడు హాజీ.

కింద ట్రాం గంట కొట్టుకుంటూ వెళ్లింది.

"మొదటి రోజే అనుకున్నాను," అంది డాక్టర్ ఒడెట్. "చెప్పినదాంట్లో నీది ఇదొక్క ముక్కే. మిగతావన్నీ ఈ పెద్దాయనవి." కాగితం మీద లుత్ఫీ పేరు కొట్టేసి, హాజీ పేరు అడిగి రాసింది. "ముప్పై ఆరు గంటలు. బాగా కష్టపడ్డారు హాజీగారూ."

"అయితే ఇంకో నాలుగు గంటలు కూర్చుంటే నేను డాక్టర్నయిపోతానా?"

"నోరు మూసుకో హాజీ," అంది ఇన్సాఫ్.

లుత్ఫీ ముఖంలో నెత్తుటిచుక్క లేదు. "డాక్టర్, నెలాఖరుకు కాగితం ఇవ్వకపోతే నా పేరు కొట్టేస్తారు. పదకొండేళ్లమ్మా!"

"తెలుసు బాబూ. పడని కష్టానికి నేను సంతకం పెట్టలేను. మళ్లీ చేరుదువుగాని."

ఇన్సాఫ్ మాత్రం ఇంకా పావురం దగ్గరే ఉంది. వంట విషయంలో ఆమె ఏదీ అంత తేలిగ్గా వదలదు. "అయినా ఒరే అబ్బాయ్, విదాద్ ఆ దాల్చినచెక్క ఎంత వేసేదిరా? పొడి కొట్టి వేసేదా, ముక్కగా వేసేదా?"

లుత్ఫీ ఆమెకేసి తిరిగాడు.

"నాకు తెలీదు పిన్నీ. ఎప్పుడూ అడగలేదు." అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఊరందర్నీ అడిగాను. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, ఎవరి మీద కోపం అని. అక్కని ఒక్కటీ అడగలేదు. అక్క పోయిన మర్నాడు ఆసుపత్రికెళ్లి ముగ్గురి గోడు విన్నాను. ముగ్గురూ నా చేతులు పట్టుకుని, ఎంత బాగా విన్నారు డాక్టరుగారూ అన్నారు. ఈ రెండేళ్లూ... మీ బుట్ట పైకి పోతుంటే కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి." ఇక ఆపుకోలేక భోరుమన్నాడు.

ఇన్సాఫ్ తన ముసుగు కొంగుతో అతని ముఖం తుడిచింది. హాజీ గోడకేసి తిరిగి ముక్కు చీదుకున్నాడు. బయటికి పోదామని ఇద్దరూ లేవబోతే, లుత్ఫీ ఇన్సాఫ్ చెయ్యి వదల్లేదు.

డాక్టర్ ఒడెట్ కొత్త కాగితం తీసింది. పైన లుత్ఫీ పేరు రాసి, కింద ఒకటి అని అంకె వేసి, గడియారం చూసింది.

"ఇంకా నలభై నిమిషాలుంది," అంది. "చెప్పు బాబూ."