తెర కింది మీట

ఆ అచ్చాఫీసులో కంప్యూటరు ఒకటే, దాని ముందు కూర్చునే తోడికోడళ్ళు ఇద్దరు. పొద్దున పెద్దకోడలు పుస్తకాలు టైపు చేస్తుంది. మధ్యాహ్నం చిన్నకోడలు అట్టల బొమ్మలు దిద్దుతుంది. ఒకరికి అక్షరాలు గుమ్మడికాయలంత ఉండాలి, ఇంకొకరికి చీమలంత ఉన్నా చాలు. ఒకరు మార్చుకుపోవడం, రెండోవాళ్ళు వచ్చి విసుక్కోవడం. ఇది చూడలేక చిన్నకోడలి మొగుడు ఇద్దరికీ చెరో ఖాతా తెరిచి, చెరో పాస్‌వర్డ్ పెట్టించాడు. ఇక ఎవరి దారి వాళ్ళదేనని వదినగారికి హామీ ఇచ్చాడు.

నిజమే, అక్షరాలు పెట్టినవి పెట్టినట్టే ఉంటున్నాయి. వెలుగే నిలవడం లేదు. పెద్దకోడలు తెర కింది మీట నొక్కి తెల్లగా పెంచుకుంటుంది. మర్నాటికి మళ్ళీ మబ్బు కమ్మినట్టుంటుంది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదాయె, మరి లోపలికి ఎవరు దూరుతున్నట్టు? అనుమానం తోడికోడలి మీదికే పోయింది. అడిగితే మాటకు మాట పెరుగుతుందని గప్‌చిప్‌గా పాస్‌వర్డ్ మార్చేసింది. అయినా మబ్బే. కరెంటు తక్కువగా వస్తోందేమోనని ఫ్యాను ఆపి, ఉక్కపోతలో కూర్చుని కూడా చూసింది.

ఇంతలో బడి పత్రిక అట్టలు అచ్చయి వచ్చాయి. నవ్వుతున్న పిల్లల ముఖాలన్నీ మసి పూసినట్టున్నాయి. మిషను నడిపే ఆయన సిరాలో దోషం లేదన్నాడు. చిన్నకోడలు కళ్ళనీళ్ళు ఆపుకుంటూ నిలబడింది.

"రోజూ కూర్చోగానే వెలుగు తగ్గించుకుంటానక్కా. ఆవేళ తొందరలో మరిచిపోయాను. ఫోటో వెలిసిపోయినట్టు కనబడితే ముదురు చేసేశాను."

"ఎక్కడ తగ్గిస్తావు?"

చిన్నకోడలు తెర కింద వేలు పెట్టి చూపించింది. అదే మీట.

పెద్దకోడలు మరిదిని పిలిచింది. తన ఖాతాలో తను పెంచుకున్నది పక్కవాళ్ళ ఖాతాలోకి ఎలా పోయింది?

"అక్షరాల సైజు ఖాతాది వదినా," అన్నాడు మరిది. "ఆ మీట తెరది. తెర ఇద్దరికీ ఒకటే కదా."

మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాడు. తల ఊపిందే గాని బుర్రకెక్కలేదు. ఒకే పెట్టెలో ఒకటి తనదీ, ఇంకొకటి అందరిదీ ఏమిటి?

"నువ్వే నా దాంట్లో వేలు పెడుతున్నావనుకున్నాను," అంది తోడికోడలితో, తల ఎత్తకుండా.

"నేనూ అంతే, రోజూ వెలుగు పెంచి ఉంటే మీకు నా పని గిట్టట్లేదనుకున్నానక్కా."

అట్టలు మళ్ళీ వేయక తప్పలేదు. బాగా వచ్చిన పాత అట్ట ఒకటి తెర పక్కన పట్టుకుని, రంగులు కలిసేదాకా చిన్నకోడలు మీట సరిచేసింది. ఆ వెలుగు పెద్దకోడలికి చాలలేదు. దాంతో ఆమె ఖాతాలో అక్షరాల వెనకంతా నలుపు చేసి, వాటిని తెల్లగా, లావుగా మార్చిపెట్టింది.

పెద్దకోడలు కళ్ళద్దాలు తుడుచుకుని ఒక వాక్యం చదివింది. స్పష్టంగానే ఉంది.

"ఇది ఖాతాదా, తెరదా?"

"ఖాతాదేనక్కా."

"నీకేం నల్లగా కనబడదుగా?"

"కనబడదు."

అదెలాగో ఆమెకు ఇప్పటికీ అంతుబట్టలేదు. మీట జోలికి మాత్రం పోకుండా, ఆగిన పేజీ నుంచి టైపు మొదలుపెట్టింది.