మైకు పట్టుకున్న రోజు

రేపు బందరులో మా కాలేజీ స్టేజీ మీద నేను మాట్లాడాలి. కోడూరు అవతల, చేపలు పట్టేవాళ్ళ పల్లెలో ఉన్న అంగన్‌వాడీలో నేను చేసిన ఇంటర్న్‌షిప్ గురించి. తలుచుకుంటేనే నాలుక పిడచకట్టుకుపోతోంది.

"ముందు పిల్లల దగ్గర మాట్లాడు, భయం పోతుంది" అని అన్నయ్య ఆదిత్య తన బ్యాటరీ మైకు ఇచ్చాడు. సలహాలివ్వడానికేం, మాట్లాడేది వాడు కాదుగా. అయినా ఇవాళ ఆఖరి రోజని పట్టుకెళ్ళాను.

పిల్లలు అన్నాలు తిని గోలగోలగా ఆడుకుంటున్నారు. మైకు ఆన్ చేసి, "అందరికీ నమస్కారం. దయచేసి శ్రద్ధగా వినండి" అన్నాను.

గోల ఠక్కున ఆగిపోయింది. ఎంత బతిమాలినా ఒకచోట కుదురుగా ఉండని పిల్లలు లేచి చెప్పులేసుకున్నారు. సంచులు తగిలించుకుని, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని గుమ్మం దగ్గర వరసగా నిలబడ్డారు. ఒక్కరూ ఏడవలేదు.

ఆయా పెద్దింట్లమ్మ పరుగున వచ్చి మైకు లాక్కుంది. "మైకు మోగితే వీళ్ళకి తుఫానే టీచరమ్మా. పోయినసారి ఆటోలో మైకు పెట్టి చెప్తే, ఇలాగే వరసకట్టించి షెల్టర్‌కి తీసుకెళ్ళాం."

వరస చివరనున్న తేజస్విని నా చున్నీ పట్టుకుంది.

"టీచర్, మా నాన్న సముద్రం మీదికి వేటకెళ్ళాడు. నాన్నకి వినపడిందా?"

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. తుఫాను లేదమ్మా అని చెప్పడానికి తన ముందు కూర్చున్నాను. తన చెప్పులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను.