సివికా కిరీటం

చింతాద్రిపేటలో మా వీధి సంఘానికి అధ్యక్షుడు ధర్మలింగం నాయుడు. కిందటేడు వరదలో తన ఇంటి సెల్లార్‌లో చిక్కుకున్న వర్షిణి అనే పిల్లను కాపాడానని, వాచ్‌మన్ కన్నియప్పన్‌ను మాత్రం దక్కించలేకపోయానని వీధంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు సంఘం తరఫున తనకే సన్మానం ఏర్పాటు చేయించుకున్నాడు. తన డప్పు తానే కొట్టుకోవడంలో ఆయన్ను మించినవాడు లేడు.

కాన్వెంటులో లాటిన్ చెప్పి రిటైరైనదాన్ని కదా, సన్మానానికి ఏదైనా గొప్ప పేరు పెట్టమని మా ఇంటికొచ్చాడు. తోటి పౌరుడి ప్రాణం కాపాడినవాడికి రోమన్లు ఆకుల కిరీటం పెట్టేవారనీ, దాన్ని ‘కొరోనా సివికా’ అనేవారనీ చెప్పాను. సివికా అంటే పౌరుడికి సంబంధించినది. పుంలింగంలో సివికుస్, నపుంసకంలో సివికుమ్. కిరీటం వాళ్లకు స్త్రీలింగం కాబట్టి సివికా. ఎవడు పెట్టుకున్నా ఆ విశేషణం కిరీటాన్నే అనుసరిస్తుంది, మనిషిని కాదు. పాఠం మొదలైతే నా నోరు ఆగదు. ప్రాణం దక్కినవాళ్లే ఫలానావాడు కాపాడాడని సాక్ష్యం చెప్పాలని, అది లేనిదే కిరీటం లేదని కూడా చెప్పేశాను.

ధర్మలింగం కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

“అట్లయితే ఆ పిల్లే పెడతాది టీచరమ్మా. ఏం చెప్పాలో నేను నేర్పిస్తాలే” అన్నాడు మెల్లగా.

సభ రోజు పొద్దున్నుంచీ మబ్బు పట్టింది. వర్షిణి చేతికి ఆకుల కిరీటమిచ్చి మైకు ముందు నిలబెట్టారు. ధర్మలింగం తల వంచాడు. ఆయన ఇంటి సెల్లార్ గదిలోనే అద్దెకుండే పిల్ల తల్లి ఆశ, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

పిల్ల ఆయన్ను దాటుకుని, నివాళి కోసం పెట్టిన కన్నియప్పన్ ఫోటో దగ్గరికి నడిచింది. కిరీటం దానికి తగిలించింది.

ధర్మలింగాన్ని చూపిస్తూ, “కారు తడస్తాదని ఈయన సెల్లార్ షట్టర్ దించేసినాడు. మేము లోపలే ఉండాం, అరిచినాం. ఈ తాత నన్ను కిటికీలోంచి బయటికి నెట్టినాడు” అంది.

నాకు భయమేసింది. ధర్మలింగం కోప్పడలేదు, పిల్ల ఇంకా జడుసుకునే ఉందని నవ్వాడు. ఈ పూట మా ఇంటికి రమ్మని ఆశను పిలిచాను. ఆమె ఆయన వైపు చూసి, పిల్ల చెయ్యి పట్టుకుంది.

“వాన వస్తా ఉంది. పదండి ఇంటికి” అన్నాడాయన.

తల్లీకూతుళ్లు ఆయన వెనకే నడిచారు. షట్టర్ తాళాలు ఆయన చేతిలోనే ఉన్నాయి.