పిన్ని మోకాలు

తన చేతికి లొంగని యంత్రం ఈ భూప్రపంచంలో పుట్టలేదంటాడు మెకానిక్. వాళ్ళ పిన్ని కుట్టుమిషన్‌ని మాత్రం ఆ లెక్కలోంచి తీసెయ్యాలి. అతను బాగుచేసినప్పటినుంచి అది వెనక్కి కుడుతోంది.

ఆ మిషన్ తొక్కీ తొక్కీ పిన్ని కుడి మోకాలు అరిగిపోయింది. అరిగేకొద్దీ దానికి నోరు పెరిగింది. పిన్ని ఎవర్నీ పల్లెత్తు మాట అనదు. అనాల్సినవన్నీ మోకాలే అనేది. కొలతలు మళ్ళీ మార్చమన్నవాళ్ళని, "నీ నడుము పూటకోలా ఉంటుందా?" అని కడిగేసేది. "దాని మాటలు పట్టించుకోకండి," అనేది పిన్ని. వాళ్ళూ పట్టించుకునేవాళ్ళు కాదు. మోకాళ్ళతో బాధ ఎవరికి లేదు?

మోకాలు బిగుసుకుపోతే ఇక మిషన్ తొక్కడం ఉండదని, ఒంటికి తగ్గట్టు మెల్లగా వంచుతూ ఉండమని డాక్టరమ్మ చెప్పింది. మిషన్ ఆగితే పిన్ని బతుకు ఆగినట్టే. అందుకే మెకానిక్ పొద్దున్నే ఆమెను బండెక్కించుకుని మేడమీది హాలుకి తీసుకెళ్ళేవాడు. అక్కడ ముందు యోగా, తర్వాత చీగాంగ్ అనే చైనావాళ్ళ కసరత్తు. నేర్పే మాస్టరు ఎప్పుడూ నిటారుగా ఉంటాడు కాబట్టి మెకానిక్ ఆయనకి నిలువుచెక్క అని పేరుపెట్టాడు. ఆయన దృష్టిలో ఒళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినవి.

"చేతులు ముందుకి. గాలిని కావలించుకున్నట్టు. మోకాళ్ళు వంచి కిందికి... ఇంకా కిందికి."

"ఇంతకంటే దిగను," అంది మోకాలు.

"అమ్మా, దాన్ని నోరుమూసుకోమనండి."

"నువ్వు మూసుకో! ఈ కాలేమన్నా నీ తాతల సొత్తా?"

హాల్లో ఎవరూ తల తిప్పలేదు. పిన్నికే తల కొట్టేసినట్టయింది. "కుర్చీలో కూర్చుని చేస్తానండీ," అని గొణిగింది.

"కూర్చుని చేస్తే అది సాధన కాదు, సినిమా చూడటం."

గుమ్మంలో నిలబడి చూస్తున్న మెకానిక్‌కి ఒళ్ళు మండింది. "స్కూటర్‌కి లారీ టైరు బిగిస్తారా మాస్టరుగారూ?"

"నువ్వు బయటికి నడువు!"

మర్నాడు నిలువుచెక్క మందపాటి పట్టీ తెచ్చి పిన్ని మోకాలికి బిగించి కట్టాడు. మోకాలు లోపల్లోపల మూలిగింది. కాసేపటికి అదీ ఆగింది. ఆయన పిన్ని భుజాల మీద చేతులేసి కిందికి నొక్కాడు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మం దగ్గరున్న మెకానిక్ పిడికిలి బిగించి లోపలికి ఉరికాడు.

ఈలోపు పిన్ని నోరు తెరిచింది.

"తియ్యి చెయ్యి!"

గొంతు మోకాలిది.

"నొప్పి నాది. ఎంత వంగాలో చెప్పడానికి నువ్వెవడివి? నేను ఊరుకుంటున్నాను కదా అని విరిచేస్తావా? రేపు కాలు పడిపోతే నా మిషన్ నువ్వొచ్చి తొక్కుతావా?"

ఇన్నేళ్ళూ మింగినవన్నీ వరసగా బయటికొచ్చాయి. నిలువుచెక్క మొట్టమొదటిసారి కాస్త వంగాడు.

పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది. పట్టీ విప్పి ఆయన చేతికిచ్చింది. ఊపిరితో పాటు చేతులు లేపింది, దించింది. కాలు సాగినంతే సాచి, అక్కడే ఆపింది. వెనక ఇంకో కుర్చీ జరిగిన చప్పుడు. ఆ పక్కన మరొకటి.

"శ్వాస... వదలండి," అన్నాడాయన నీరసంగా.

మోకాలు మళ్ళీ మాట్లాడలేదు. అనేదేదో పిన్నే అంటోంది మరి. మిషన్ తొక్కుతూనే ఉంది.

ఆ రోజు హాలు మెట్లు దిగేటప్పటికి కూడా ఆమె కోపం చల్లారలేదు. "నువ్వేంట్రా, రోజూ గుమ్మంలో నిలబడి వేళాకోళాలు? లోపలికొచ్చి చెయ్యడానికేం రోగం?"

మెకానిక్ జోకు వెయ్యబోయాడు. పిన్ని చూపు చూసి మానేశాడు.

"రోజంతా బండ్ల మీదికి వంగీ వంగీ... నా నడుముకీ నోరొచ్చింది పిన్నీ. షెడ్డులో పాటలు అంత గట్టిగా పెట్టేది అందుకే."

"తిడుతుందా?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"తిడితే బానే ఉండేది. ఏడుస్తుంది. చంటిపిల్లాడిలా, అమ్మా అమ్మా అంటూ."