దుమ్ము బోనస్

"మా ఆయన ఛాతీలో ఇంకా మిగిలిపోయిందండీ మీ దుమ్ము. చీపురు పట్టుకొచ్చి అదీ ఊడ్చుకుపోండి. బతికుండగా వదల్లేదు, చచ్చాక మాత్రం ఎందుకు వదిలెయ్యడం?"

బందరు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ షెడ్డు గుమ్మం ముందు నిలబడి అమ్మాజీ ఆ మాట అంది. ఓనరు దుర్గాశ్రీనివాస్ చేతిలో టీ గ్లాసు కూడా కదల్లేదు. పక్కనున్న సూపర్‌వైజర్ రాకేష్ మాత్రం రోడ్డు మీద ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

అమ్మాజీ మొగుడు పోతురాజు పోయి నెల తిరగలేదు. దివిసీమ నుంచి బందరు వచ్చి, మీసాలు రాకముందు నుంచీ ఆ షెడ్డులో పాలిష్ చక్రం ముందు కూర్చున్న మనిషి. గాజునో గొలుసునో తిరిగే చక్రానికి ఆనిస్తే మెరుపొస్తుంది, మెరుపుతో పాటు పొడి లేస్తుంది. రాగి, ఇత్తడి, నికెల్, అందులో కాసింత బంగారం. ఆ పొడినే రజను అంటారు. గుడివాడలో ఛాతీ డాక్టరు ఎక్స్‌రే వెలుగుకి పట్టి చూసి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయమ్మా, వీటిని మళ్ళీ మెత్తబరిచే మందు లేదు అన్నాడు. ఆ గదిలో ఇంకా ఎవరు పని చేస్తున్నారని కూడా అడిగాడు. మొగుడు మంచం పట్టినప్పటి నుంచి ఆ చక్రం ముందు కూర్చుంటున్నది అమ్మాజీ తమ్ముడు ఏసుపాదం. తల్లి పోతే చంకనేసుకుని పెంచిన తమ్ముడు. వాడికీ దగ్గు పట్టుకుంది.

వాడి కోసమే వచ్చింది.

"మీ ఆయన సిగరెట్లు కాల్చేవాడు కదమ్మా," అన్నాడు శ్రీనివాస్ మెత్తగా.

"మా పెద్దది పుట్టినప్పుడే మానేశాడండీ. మీ చక్రమే మానలేకపోయాడు."

"రోజూ సాయంత్రం అందరికీ బెల్లం ముక్క పెడుతున్నాంగా. పట్టిన దుమ్మంతా అదే కడిగేస్తుంది."

"కడుపులోకి పోయే బెల్లం ఊపిరితిత్తులు ఎలా కడుగుతుందో మీరూ లోపల కూర్చుని, తిని చూపించండి. లేదంటే నా తమ్ముణ్ణి బయటికి పంపండి. అదీ కాదంటే ఆ కిటికీలన్నా తెరవండి."

ఆ కిటికీల సంగతి చెప్పాలి. షెడ్డుకి కిటికీలు లేక కాదు. అన్నిటికీ చెక్కలు కొట్టి, సందుల్లో తడి గోతాలు కుక్కి ఉంటాయి. బందరు సముద్రపు గాలి లోపలికొస్తే రజను లేచి బయటికి పోతుంది. పోకూడదు. ఏడాది పొడవునా నేల మీద, గోడల మీద, బట్టల మీద పడిందంతా దసరా ముందు ఊడ్చి, జల్లించి అమ్ముతారు. ఆ డబ్బులోంచి పనివాళ్ళకీ ఇంత పారేస్తారు. దాని పేరు దుమ్ము బోనస్. మొదటి చెక్క కొట్టింది ఓనరే. ఆ తర్వాత అతను కాపలా పెట్టాల్సిన పని లేకపోయింది, పనివాళ్ళే కాపలా కాశారు. ఒక ఎండాకాలం కొత్తగా చేరినవాడు ఉక్కకి తట్టుకోలేక గోతం పక్కకి లాగితే, వాడి మణికట్టు విరిచింది ఎవరో కాదు, పోతురాజే. ఆ పోతురాజే ఆఖరికి ఇంట్లో కిటికీ ఊచలకి మూతి ఆనించి, నీళ్ళలోంచి తీసిన చేపలా నోరు తెరుస్తూ మూస్తూ పోయాడు. ఇంతకంటే తెలివైన దొంగతనం ఎక్కడైనా ఉందా? మనిషి చేత మనిషి గొంతు నొక్కించి, పండక్కి బోనస్ ఇచ్చామని చెప్పుకోవడం.

"పదవే, పద. పొద్దున్నే ఏంటీ గోల," అని రాకేష్ ఆమె భుజం పట్టి నెట్టాడు. అమ్మాజీ మెట్టు మీద బోర్లా పడింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. లేచి, కొంగుతో తుడుచుకుని, కాలవ తవ్వుతూ ఎవరో వదిలేసిన గునపం అందుకుని షెడ్డు పక్కకి నడిచింది. మొదటి కిటికీ చెక్క కింద గునపం దూర్చి బలం కొద్దీ ఎత్తింది. మేకులు కీచుమన్నాయి.

లోపల చక్రాలు ఆగాయి. నెత్తి నుంచి పాదాల దాకా బూడిద రంగు పూసుకున్న మనుషులు బయటికి ఉరికారు. అందరికంటే ముందు ఏసుపాదం.

"ఏంటక్కా ఇది? పండగ ముందు మా నోట్లో దుమ్ము కొడతావా?"

"అది మీ ఓనరు ఎప్పుడో కొట్టేశాడ్రా. తప్పుకో."

"బావ పోయిన బాధలో ఉన్నావని ఊరుకుంటున్నాను. వదులు."

"మీ బావ పోయిన దారినే నువ్వూ పోతానంటే నేను ఊరుకోనురా."

వాడు గునపం పట్టి లాగాడు. ఆమె వదల్లేదు. లాగిపెట్టి చెంప మీద ఒక్కటి కొట్టింది. వాడు ఆమెను గోడకేసి గుద్దాడు. తల ఇటుకకి తగిలి అమ్మాజీ కళ్ళు బైర్లు కమ్మాయి. పెంచిన చేతుల్ని విరిచి పట్టుకుని వాడు పిడికిలి ఎత్తాడు. ఎత్తిన పిడికిలి దిగలేదు. దగ్గు మొదలైంది. వంగిపోయాడు, మోకాళ్ళ మీద పడ్డాడు, నేలని గోళ్ళతో గీరాడు. నోట్లోంచి బూడిద రంగు కఫం, దానెనక రక్తం. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి.

మణికట్టు వంకర పోయిన మనిషి ఒకడు గుంపులోంచి ముందుకొచ్చాడు.

"పోతురాజుక్కూడా ఇలాగే మొదలైంది," అన్నాడు.

కింద పడ్డ గునపం తీసుకుని, కిటికీ మీద కసి తీరా పొడిచాడు. చెక్క రెండుగా చీలింది. అంతే, తక్కినవాళ్ళు ఇటుకలు, పట్టుకార్లు, ఏది దొరికితే అది అందుకున్నారు. కిటికీలు ఒకదాని తర్వాత ఒకటి పగిలాయి. సముద్రపు గాలి ఈ గోడ లోంచి దూరి ఆ గోడ లోంచి బయటికి పోయింది. రజను మబ్బులా లేచి ఎండలో తళుక్కుమంది.

"రజను పోతోంది, గోతాలు అడ్డం పెట్టండ్రా," అని శ్రీనివాస్ పరిగెత్తుకొచ్చాడు. నేల మీద ఊపిరాడక కొట్టుకుంటున్న మనిషిని దాటుకుని వచ్చాడు, కిందికి చూడను కూడా చూడలేదు. అది అందరూ చూశారు. రాకేష్ గోతం ఎత్తేలోపు ఎవరో వాడి ముక్కు మీద గుద్దారు.

అమ్మాజీ తమ్ముణ్ణి గోడకి ఆనించి కూర్చోబెట్టి లేచింది. జుట్టులోంచి రక్తం మెడ మీదికి కారుతోంది. ఓనరు కాలర్ రెండు చేతులా పట్టుకుని ఏసుపాదం ముందుకి ఈడ్చుకొచ్చింది. ఇప్పుడిక ఆమె నోట అండీ లేదు.

"ముందు కారు తియ్యి. వీణ్ణి నువ్వే ఆసుపత్రికి తీసుకెళ్తున్నావు. చక్రాలకి కరెంటు తీయించు. ఈ గదిలో కూర్చున్న ప్రతి మనిషికీ, మానేసి దివిసీమ వెళ్ళిపోయినోళ్ళక్కూడా, నీ ఖర్చుతో ఛాతీ ఎక్స్‌రే తీయించు. నీ రజనులో ఏ విషం ఎంతుందో డాక్టర్ల చేత తేల్చి ఈ గోడ మీద రాయించు. ప్రతి చక్రానికీ దుమ్ము లాగే మిషను బిగించు. బిగించేదాకా అందరి కూలీ వాళ్ళ ఇళ్ళకి పంపు. అప్పటిదాకా ఒక్కడు కూడా ఈ గడప లోపల అడుగు పెట్టడు. ఏంటి చూస్తావు? తియ్యి కారు."